గాల్లో పావుగంట... నేల మీద పూట తొవ్వ!

నెక్కొండ చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లను 'ఫలానా ఊరు ఎంత దూరం?' అని అడిగి చూడండి. కిలోమీటర్లలో జవాబు రాదు. 'అరగంట తొవ్వ' అంటారు. లేదంటే 'పూట తొవ్వ'. మరీ దూరమైతే 'పొద్దంత తొవ్వ, సద్ది కట్టుకొని పోవాలె' అంటారు. దగ్గరైతే కూతవేటు. అంటే ఇక్కడ గట్టిగా పిలిస్తే అక్కడ వినపడాలన్నమాట. కోసులూ ఆమడలూ లెక్కల పుస్తకాల్లో ఉండేవి గానీ, నడిచేవాడికి కావలసింది మాత్రం ఎప్పుడు బయల్దేరితే ఎప్పుడు చేరతామన్నదే. కొలబద్దతో పనిలేని ఈ లెక్క పాతకాలపుదని కొట్టిపారెయ్యడానికి లేదు. విమానాల వ్యవహారం మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఎలాగంటారా? వరంగల్ పక్కన మామునూరులో ఒక పాత విమానాశ్రయం ఉంది. పెద్దపల్లి జిల్లాలో, రాజీవ్ రహదారి పక్కన బసంత్‌నగర్‌లో ఇంకోటి ఉంది. మొదటిది నిజాం జమానాలో వచ్చింది. రెండోది అక్కడి కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ పుణ్యమా అని వచ్చింది. 1980ల్లో వాయుదూత్ వాళ్ల చిన్న విమానాలు బసంత్‌నగర్‌లో దిగేవి. రెండు చోట్లా ఆ తరువాత దశాబ్దాల తరబడి ప్రయాణికుల సందడి లేదు. ఇప్పుడు పటం ముందేసుకుని ఈ రెంటి మధ్యా ఓ గీత గీస్తే ఎంతొస్తుంది? ఇంచుమించు 90 కిలోమీటర్లు. విమానాల వాళ్ల భాషలో 50 నాటికల్ మైళ్లకు కాస్త తక్కువ. వాయుదూత్ నడిపిన డోర్నియర్ లాంటి 19 సీట్ల విమానం గంటకు 350 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. అంటే పావుగంట ప్రయాణం! అదే రోడ్డు మీద అయితే హుజూరాబాద్ మీదుగానో, పరకాల మీదుగానో వంకర్లు తిరిగి 120 కిలోమీటర్లకు పైనే. కారులో రెండున్నర గంటలు, బస్సులో అయితే నిజంగానే పూట తొవ్వ.

పావుగంటెక్కడ, పూటెక్కడ! మరి ఇంత లాభం కళ్లముందు కనిపిస్తుంటే ఈ దారిలో ఎవరూ విమానం ఎందుకు నడపలేదు? ఇకముందు నడుపుతారని కూడా ఆశ పెట్టుకోవక్కర్లేదు. కారణం డబ్బొక్కటే కాదు. ఆ పావుగంట అన్న మాటలోనే తిరకాసుంది.

విమానం గేటు దగ్గర్నుంచి కదిలి రన్‌వే చివరికి పోవాలి. గాలి ఏ వైపునుంచి వీస్తోందో చూసుకుని, దానికి ఎదురుగా పరుగెత్తి లేవాలి. పోవాల్సింది ఉత్తరానికే అయినా రన్‌వే ఎటుంటే అటే లేచి, ఆ తరువాత మలుపు తిరగాలి. దిగేటప్పుడూ అంతే. ఊరు కనిపించింది కదా అని నేరుగా వాలిపోవడానికి అదేమైనా కొంగా! చుట్టు తిరిగి, రన్‌వేకు తిన్నగా వచ్చి, నెమ్మదిగా దిగాలి. ఈ లేవడం, తిరగడం, దిగడం, ఆగడం కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు ఎలాగూ పోతాయి. ప్రయాణం 90 కిలోమీటర్లయినా అంతే, 900 అయినా అంతే. దూరప్రయాణంలో ఆ ఇరవై నిమిషాలు లెక్కలోకి రావు. దగ్గరి ప్రయాణంలో మాత్రం అసలుకన్నా కొసరే ఎక్కువవుతుంది.

ఇంధనం సంగతీ ఇలాంటిదే. ఎడ్లబండి ఎత్తెక్కేటప్పుడు ఎడ్లకు ఎంత ఆయాసమో, పైకి లేచేటప్పుడు విమానానికి అంత ఖర్చు. పైకి చేరి తిన్నగా సాగిపోతున్నప్పుడే పొదుపు. మామునూరులో లేచిన విమానం ఆ పొదుపు ఎత్తుకు చేరేలోపే బసంత్‌నగర్‌లో దిగే ఏర్పాట్లు చేసుకోవాలి. పైగా ప్రతి దిగుడుకూ టైర్లు అరుగుతాయి, బ్రేకులు అరుగుతాయి. విమానం ఒళ్లు ఎంత అలసిందో లెక్కించేటప్పుడు ఎన్ని గంటలు ఎగిరిందన్నదే కాదు, ఎన్నిసార్లు లేచి దిగిందన్నదీ చూస్తారు. 90 కిలోమీటర్లకు ఓ లెక్క, 900 కిలోమీటర్లకు ఓ లెక్క అంటూ ఉండదు.

ఇక ప్రయాణికుడి లెక్క. విమానం టైముకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి ఇంకో పావుగంటో అరగంటో ముందే అక్కడుండాలి. నెక్కొండ మనిషికి రామగుండంలో పనిపడిందనుకుందాం. ఇంటి దగ్గర్నుంచి మామునూరుకు రోడ్డు మీద ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లు, యాభై నిమిషాలు. అక్కడ పడిగాపులు గంటంబావు. గాల్లోనూ రన్‌వేల మీదా కలిపి అరగంట. దిగాక బయటపడి, రామగుండం వెళ్లే బండి పట్టుకుని చేరేసరికి ఇంకో ముప్పావుగంట. మొత్తం మూడు గంటలు దాటింది. అదే మనిషి రైలెక్కి వరంగల్ మీదుగా కాజీపేట జంక్షన్ చేరితే, అక్కణ్నుంచి రామగుండం 90 కిలోమీటర్ల పైచిలుకు. సూపర్‌ఫాస్ట్ బండి గంట, గంటంబావులో దించేస్తుంది. బండి మారేటప్పుడు కాస్త కాచుకున్నా విమానంతో సరిసమానంగా చేరిపోతాడు. పైగా దారిలో పల్లీలు తినొచ్చు!

అందుకే రెండు చిన్న విమానాశ్రయాల మధ్య ఎంత దూరమన్నది అసలు ప్రశ్నే కాదు. ఆ రెంటి మధ్యా నేల మీద ఏముంది అన్నదే ప్రశ్న. మామునూరుకూ బసంత్‌నగర్‌కూ నడుమ మంచి రైలుమార్గం ఉంది. అదే నడుమ సముద్రం ఉంటే కథ వేరేలా ఉంటుంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ అనే దీవులున్నాయి. అందులో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య లోగన్‌ఎయిర్ సంస్థ 1967లో ఒక విమానం మొదలుపెట్టింది. రెంటి మధ్య దూరం ఎంతో తెలుసా? 2.7 కిలోమీటర్లు! టైంటేబుల్లో రాసింది రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చిన రోజున 53 సెకన్లలో కూడా చేరింది. ప్రపంచంలో అతి పొట్టి విమాన ప్రయాణం అదే. ఎనిమిది మంది పట్టే బుల్లి విమానంలో టీచర్లు పాఠం చెప్పడానికి పోతారు, డాక్టర్లు రోగుల్ని చూడ్డానికి పోతారు. మనవాళ్లు ఆటో ఎక్కే దూరానికి వాళ్లు విమానం ఎక్కుతున్నారంటే అది దర్జా కాదు. కింద ఉన్నది అట్లాంటిక్ చలినీళ్లు మరి.

మనకు కాస్త దగ్గర్లో నేపాల్ ఉంది. పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానంలో ఇరవై నిమిషాలు. కొండదారిన జీపులో పోతే ఎనిమిది నుంచి పది గంటలు. అయితే ఆ లోయలో మధ్యాహ్నమయ్యేసరికి పెనుగాలి లేస్తుంది కాబట్టి విమానాలు పొద్దున పూటే. మబ్బు కమ్మితే అదీ లేదు. ఇరవై నిమిషాల ప్రయాణం కోసం రెండ్రోజులు కాచుకుని, చివరికి జీపే ఎక్కినవాళ్లూ ఉంటారు. టికెట్ మీద రాసిన సమయం వేరు, చేరే సమయం వేరు.

సరే, మళ్లీ మన దారికొద్దాం. నెక్కొండకు రైలు కొత్త కాదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వాళ్లు సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు 1886లో పట్టాలు తెచ్చారు. వాటినే డోర్నకల్ మీదుగా పొడిగించి 1889లో బెజవాడకు కలిపారు. ఆ దారిలోదే నెక్కొండ. అంటే రైలు కూత వినబట్టి ఆ ఊరికి 130 ఏళ్లు దాటిపోయింది. అదే రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులు కొని రోడ్డు రవాణా కూడా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. 1945లో నిజాం ప్రభుత్వం టాటాలతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థనూ పెట్టింది. దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు, 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. రైలు, బస్సు, విమానం మూడింటినీ ఒకే సర్కారు ఆలోచించిన రోజులవి. ఏ బండి దిగితే ఏ బండి అందుతుంది అన్నది అప్పట్లో ఎంత కుదిరిందో గానీ, ఇప్పుడైతే ఎవరి టైంటేబుల్ వారిదే.

నెక్కొండ ప్రాంతంలో వరి, పత్తి, మిర్చి పండించే రైతు కుటుంబాల పిల్లలు ఎందరో బెంగళూరు, చెన్నై దాకా, ఇంకొందరు అమెరికా దాకా వెళ్లారు. వాళ్లను సాగనంపడమంటే ఓ పెద్ద కార్యక్రమం. తెల్లవారుజామున నాలుగింటికి విమానమైతే ముందురోజు సాయంత్రమే బండి మాట్లాడుకుని, పులిహోర కట్టుకుని, ఇంటిల్లిపాదీ బయల్దేరాలి. శంషాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు. జనగామ దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి, నాలుగు గంటలకు తక్కువ కాకుండా ప్రయాణం. అన్నట్టు 2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలోనే దిగేవి. వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్లకు అది ఊరికి ఇవతలి గట్టు. కొత్త విమానాశ్రయం ఊరికి అవతలి గట్టుకు మారింది. ఢిల్లీకి, దుబాయికి దూరం మారలేదు గానీ నెక్కొండకు మాత్రం మారింది. ఔటర్ రింగు రోడ్డు పూర్తయ్యాక కొంత నయమైంది, అంతే.

ఇక్కడే ఇంకో దూరం సంగతి చెప్పుకోవాలి. శంషాబాద్ విమానాశ్రయం కట్టేటప్పుడు ప్రభుత్వం ఒప్పందంలో ఓ మాట రాసింది. అక్కణ్నుంచి గగన మార్గంలో 150 కిలోమీటర్ల లోపు, పాతికేళ్ల దాకా, మరో విమానాశ్రయం నడవనివ్వకూడదని. రోడ్డు దూరం కాదు, గీత గీసిన దూరం. మరి శంషాబాద్ నుంచి మామునూరుకు గీత గీస్తే ఎంత? అక్షాంశ రేఖాంశాలు వేసి లెక్కగడితే 145 కిలోమీటర్ల ప్రాంతంలో తేలుతుంది. ఐదే ఐదు కిలోమీటర్లు! మామునూరు ఇంకో ఆరు కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఉంటే ఆ షరతు దానికి వర్తించేదే కాదు. రోడ్డు దూరం చూస్తే 150కి బయటే ఉన్నట్టు. కానీ కాగితం మీద రాసిన మాట కాగితం మీదిదే. కర్ణాటకలోని బీదర్‌కూ ఇదే చిక్కు వచ్చింది. చివరికి శంషాబాద్ నిర్వాహకుల ఒప్పుకోలుతో 2020 ఫిబ్రవరిలో అక్కడ విమానం లేచింది.

మామునూరుకు ఆ ఒప్పుకోలు రావడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది. 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్ర పౌర విమానయాన శాఖ పచ్చజెండా ఊపింది. అంతకుముందే, 2024 నవంబరులో, రాష్ట్ర ప్రభుత్వం 253 ఎకరాలు సేకరించడానికి 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. విమానాశ్రయాల సంస్థ చేతిలో అప్పటికే 690 ఎకరాల పైచిలుకు భూమి ఉంది. అది చాలదా అంటే, ఏ విమానం దిగాలన్నదాన్ని బట్టి ఉంటుంది. 70 మంది పట్టే ఏటీఆర్ రకానికి కిలోమీటరున్నర లోపు రన్‌వే సరిపోతుంది. 180 మంది పట్టే ఎయిర్‌బస్ రకానికి రెండు కిలోమీటర్లకు పైనే కావాలి. పెద్ద విమానమే దిగాలని ప్రభుత్వం పట్టుబట్టింది కాబట్టి నేల ఎక్కువ కావాల్సి వచ్చింది.

నేల ఎక్కువ కావాలంటే ఎవరిదో ఒకరిది పోవాలి. మామునూరు పక్కనే నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి ఊళ్లున్నాయి. అక్కడి రైతులు 2025లో సర్వే బృందాలను నిలదీశారు. ఎకరానికి ఎంతిస్తారన్నది ఒక గొడవ. అది ఎక్కడైనా ఉండేదే. ఇంకో గొడవ మాత్రం ఈ వ్యాసానికి నేరుగా సంబంధించింది. ఊళ్లను కలిపే రోడ్డు విమానాశ్రయం గోడ లోపలికి పోతే తాము ఎటునుంచి పోవాలి అని వాళ్లు అడిగారు. పొలానికి, బడికి, దవాఖానకు, వరంగల్ మార్కెట్‌కు రోజూ తిరిగే దారి అది. చుట్టు తిరిగి పోవాల్సి వస్తే రోజుకు రెండుసార్లు, ఏడాదికి ఏడు వందల సార్లు ఆ అదనపు దూరం మోయాలి. బెంగళూరుకు నెలకోసారి పోయే ఉద్యోగికి నాలుగు గంటలు మిగిలితే అది వార్త. రోజూ పాలు తీసుకుపోయే మనిషికి పావుగంట పెరిగితే అది వార్త కాదు. రన్‌వే కన్నా ముందు ఆ రోడ్డు వేసి చూపించడమే మర్యాద.

మరి విమానం మొదలయ్యాక ఎక్కడికి పోతే లాభం? హైదరాబాద్‌కు మాత్రం కాదు. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు రైళ్లకు, బస్సులకు కొదవలేదు. శంషాబాద్‌లో దిగి మరో విమానం పట్టుకునేవాళ్లకు తప్ప ఆ ప్రయాణం ఎవరికీ పనికిరాదు. చూడాల్సింది పటంలో రైలు వంకరగా పోయే ఊళ్లను. ఉదాహరణకు విశాఖపట్నం. చాలామంది గమనించరు గానీ, వరంగల్‌కు విశాఖ దాదాపు తిన్నగా తూర్పున ఉంది. గీత గీస్తే 385 కిలోమీటర్లు. నడుమ గోదావరి, అడవి, తూర్పు కనుమలు. అందుకే రైలు ముందు దక్షిణానికి బెజవాడ దాకా దిగి, అక్కణ్నుంచి ఈశాన్యానికి ఎక్కుతుంది. అలా చుట్టి వచ్చేసరికి 560 కిలోమీటర్లు. రాత్రంతా ప్రయాణం. విమానమైతే ఈ వంకరను తిన్నగా కోసేస్తుంది. ఏటీఆర్‌లో గంటకు అటూ ఇటూ.

తిరుపతి ఇంకా వింత. మామునూరూ, రేణిగుంట విమానాశ్రయమూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీదున్నాయి. ఒకటి 79.6 డిగ్రీలు, ఇంకోటి 79.5. దిక్సూచి పట్టుకుని దక్షిణానికి 475 కిలోమీటర్లు పోతే తిరుపతి! రైలు దారి బెజవాడ, గూడూరు మీదుగా 600 కిలోమీటర్లకు దగ్గర. కృష్ణా ఎక్స్‌ప్రెస్ నెక్కొండ దారినే తిరుపతికి పోతుంది. వెంకన్న దర్శనానికి పోయే తాతయ్య, నాన్నమ్మల లెక్క వేసి చూడండి. రైల్లో పది, పదకొండు గంటలు. శంషాబాద్ పోయి విమానమెక్కితే ఇంటి గడప నుంచి తిరుపతి చేరడానికి ఎనిమిది గంటలు. కారు కిరాయి అదనం. ఇంత చేసి మిగిలింది రెండు మూడు గంటలే. మామునూరు నుంచే విమానం ఉంటే యాభై నిమిషాలు, గంటంబావు, మరో గంటంబావు, దిగాక ముప్పావుగంట కలిపి నాలుగు గంటల పైచిలుకు. అందులో గాల్లో ఉన్నది గంటంబావే. మిగతాదంతా నేల మీదే. రెండు దారుల్లోనూ విమానం ఒకే వేగంతో పోయింది. తేడా అంతా ఇంటికీ విమానాశ్రయానికీ నడుమ ఉన్న దూరంలోనే వచ్చింది.

అయితే రాత్రి బండిలో పది గంటలంటే నిజంగా పది గంటలేనా? తొమ్మిదింటికి పడుకుని లేస్తే తెల్లారేసరికి ఊరొస్తుంది. పగలు పోయిన నాలుగు గంటలకన్నా నిద్రలో పోయిన పది గంటలు తక్కువని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు.

చిన్న విమానాశ్రయాలకు ఇంకో బెడద ఉంది. విమానం మొదలవడం ఒక ఎత్తు, నిలబడటం ఇంకో ఎత్తు. ఉడాన్ పథకం కింద దేశంలో మొదటి విమానాలు లేచింది 2017 ఏప్రిల్ 27న. ఆ రోజు సిమ్లా-ఢిల్లీతో పాటు జెండా ఊపించుకున్న రెండు దారుల్లో ఒకటి మన కడప-హైదరాబాద్, రెండోది నాందేడ్-హైదరాబాద్. గంట ప్రయాణానికి 2,500 రూపాయలకు మించకుండా కొన్ని సీట్లు ఇవ్వాలి, నష్టాన్ని ప్రభుత్వం మూడేళ్లపాటు పూడుస్తుంది అన్నది ఏర్పాటు. ఆ దారుల్లో నడిపిన ట్రూజెట్ 2022లో రెక్కలు ముడిచేసింది. బీదర్‌లో మొదటి విమానం నడిపిందీ అదే. కడపను మరో సంస్థ అందుకుంది. కర్నూలు పక్కన ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచి విశాఖ, బెంగళూరు, చెన్నైలకు విమానాలు వేశారు. విజయవాడకు మాత్రం 2025 జూలైలో గానీ విమానం పడలేదు, అదీ వారానికి మూడు రోజులు. గీత గీస్తే ఈ రెంటి మధ్యా 300 కిలోమీటర్లు లేదు. సోమవారం పనిబడినవాడికి బుధవారం విమానం ఉందంటే ఆ దూరం గంట తొవ్వా, రెండ్రోజుల తొవ్వా? టైంటేబుల్లో ప్రయాణ సమయం రాస్తారు గానీ కాచుకునే సమయం రాయరు కదా.

రైలుకూ ఒక్కోసారి ఈ గతి పడుతుంది. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానకు ఇంటికన్నె-కేసముద్రం మధ్య పట్టాల కింద మట్టి, కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. నెక్కొండ తరువాత స్టేషనే ఇంటికన్నె. దూరప్రయాణపు బండ్లు ఎక్కడివక్కడ, నెక్కొండ, కేసముద్రం లాంటి చిన్న స్టేషన్లలో నిలిచిపోయాయి. దక్షిణాదిని ఢిల్లీతో కలిపే దారి అది. ఆ ఊరి పేరు కూడా వినని ప్రయాణికులు వేలమంది ఆ ప్లాట్‌ఫారాల మీద దిగి, తిండికీ నీళ్లకూ వెతుక్కుని, చివరికి బస్సుల్లో కాజీపేట చేరారు. ముప్పై నిమిషాల దూరానికి రోజంతా పట్టింది. రైల్వే సిబ్బంది వానలోనే పనిచేసి నాలుగో రోజుకల్లా బండ్లు నడిపించడం గొప్ప సంగతే. అలాంటి రోజున దగ్గర్లో రన్‌వే ఉంటే అక్కరకొచ్చేదా అంటే, కొందరికి వచ్చేదేమో. 70 సీట్ల విమానం రైలెడు జనాన్ని మొయ్యలేదు. అంత వానలో అసలు దిగగలదో లేదో కూడా.

మామునూరుతో పాటు ఒకప్పుడు రాష్ట్రం మొత్తం ఆరు చోట్ల విమానాశ్రయాలు కావాలని ప్రతిపాదించింది. బసంత్‌నగర్, జక్రాన్‌పల్లి, ఆదిలాబాద్, కొత్తగూడెం, మహబూబ్‌నగర్ వైపు మరొకటి. ఆరూ వచ్చినా ఒకదాన్నుంచి ఇంకోదానికి నేరుగా విమానం పడే అవకాశం తక్కువే. మామునూరు నుంచి ఆదిలాబాద్ పోవాలంటే శంషాబాద్‌లో దిగి ఎక్కాల్సిందే. 200 కిలోమీటర్లకు కాస్త ఎక్కువున్న ప్రయాణం కోసం ముందు దక్షిణానికి పోయి, మళ్లీ ఉత్తరానికి రావాలి. 

కాబట్టి మామునూరు టైంటేబుల్ వచ్చిన రోజున నెక్కొండ వాళ్లు చూసుకోవాల్సింది విమానం ఎంతసేపు ఎగురుతుందన్నది కాదు. విశాఖకో, తిరుపతికో, బెంగళూరుకో రోజూ ఉందా? పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చా? ఆరున్నరకు లేచే విమానమైతే అయిదింటికల్లా మామునూరులో ఉండాలి. అంటే నాలుగింటికి నెక్కొండలో బండి కదలాలి. ఆ వేళకు బస్సుందా, ఆటో వస్తుందా, గుంటూరుపల్లి దగ్గర రోడ్డు ఏ చుట్టు తిరుగుతుంది?